పాత సైకిలుపై తరుగని మక్కువ

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసపాఠము)



గ్రంథాలయపు పండుగలో సైకిలు ప్రసంగమేమని కొందరికి తోపవచ్చును. ఇరువదియైదేండ్ల క్రిందట ఏ పల్లె గ్రంథాలయము ముందర నిలిచినవారికైనను ఈ సందేహము కలిగియుండదు. లోపల ఎందరు చదువుచున్నారో తెలియుటకు తలుపు తీయనక్కరలేకుండెను; గోడకు చేరవేసిన సైకిళ్లను లెక్కించిన చాలును. పొరుగూరి పాఠకుడు పుస్తకమును క్యారియరు స్ప్రింగు క్రింద బిగించి కొనిపోయెడివాడు. తిరిగివచ్చునప్పటికి అట్టమీద ఆ స్ప్రింగు గుర్తు పడియుండెడిది. గ్రంథపాలకులకు దానిపై కోపము వచ్చెడిదే గాని, అట్టి గుర్తులున్న పుస్తకమే ఊరూరు తిరిగిన పుస్తకమని వారికిని తెలియును.

ఇచ్చట పాత సైకిలనగా తుప్పుపట్టి మూలబడిన ప్రతి సైకిలును కాదు. నల్లరంగు పూసిన ఉక్కు గొట్టముల చట్రము, 28 అంగుళముల చక్రములు, తీగకు బదులు ఇనుప కడ్డీలతో పనిచేయు బ్రేకులు, స్ప్రింగుల సీటు, బరువైన క్యారియరు, వెనుక చక్రమును నేలనుండి ఎత్తిపట్టు స్టాండు గల సైకిలు. ఇంగ్లండులో నూరేండ్లకు పూర్వము కుదిరిన ఈ ఆకృతి పెద్ద మార్పు లేకయే భారతదేశమున నేటికిని తయారగుచున్నది. రంగురంగుల కొత్త సైకిళ్లు దుకాణములలో వ్రేలాడుచుండగా ఈ నల్ల సైకిలును విడువలేనివారును, పాతదానికై వెదకి కొనువారును ఉండుట గమనింపదగిన సంగతి.

జ్ఞాపకమే దీనికి కారణమని సులువుగా చెప్పివేయుదురు. ఆ సమాధానము చాలదు. తాతగారి గోడగడియారమును, పెట్టెవంటి రేడియోయును కూడ జ్ఞాపకములను మోయునవే. కాని అవి పెక్కిండ్లలో అలంకారములై మిగిలిపోయినవి. పాత సైకిలు అట్లు కాదు. దానికి నూనె వేసి, గాలి కొట్టినచో ఆ పూటయే పనిలోనికి దిగును. దాని లోపలి సంగతి యంతయు పైకి కనబడుచునే యుండును. చెడినదేదో కంటితో చూడవచ్చును, చేతితో బాగుచేయవచ్చును. యజమానికి తెలియని రహస్యమేదియు దానిలో లేదు. మక్కువ మూలమును ఇచ్చటనే వెదకవలెను.

బాన్సువాడ ఆయకట్టు నేల సైకిలు కొరకే చదును చేసినట్లుండును. మంజీరానదిపై అచ్చంపేట వద్ద నిజాంసాగరు నిర్మాణము 1923లో ఆరంభమై 1931లో ముగిసెను. నవాబు అలీ నవాజ్ జంగ్ బహద్దరుగారు దాని వెనుకనున్న ఇంజనీరు. సుమారు 155 కిలోమీటర్ల ప్రధాన కాలువ, 2,75,000 ఎకరముల ఆయకట్టు ఆనాటి నిజామాబాదు జిల్లా రూపమునే మార్చివేసినవి. (2016 అక్టోబరు 11న కామారెడ్డి జిల్లా ఏర్పడువరకు బాన్సువాడ నిజామాబాదు జిల్లాలోనిదే.) 1930 దశకమునుండి కృష్ణా, గుంటూరు ప్రాంతముల రైతులు వచ్చి భూములు కొని, వర్ని, కోటగిరి, బోధను చుట్టుపట్ల క్యాంపులు కట్టుకొనిరి. ఊరినుండి క్యాంపునకు, క్యాంపునుండి పొలమునకు, పొలమునుండి తూమునకు రోజుకు ఎన్నిమార్లు తిరుగవలెనో సేద్యము చేసినవారికి చెప్పనక్కరలేదు.

కాలువ తవ్వు ఇంజనీరు నీరు నిదానముగా సాగునట్లు కొద్దిపాటి వాలు మాత్రమే యిచ్చును. కావున కాలువ గట్టుమీది త్రోవయు దాదాపు సమతలముగానే యుండును. నీటికి అనుకూలమైన ఆ వాలు సైకిలునకును అనుకూలమైనది. నిజాంసాగరు గట్టుమీద సైకిలు త్రోవ ఎవరును వేయలేదు. నీటికొరకు వేసినది సైకిలునకు దక్కినది.

బాన్సువాడకు రైలు లేదు. రైలెక్కవలెనన్నచో కామారెడ్డికో నిజామాబాదునకో పోవలెను. నిజాం ప్రభుత్వము 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా సంస్థకు అంకురార్పణ చేసెను. క్రమముగా బస్సు పల్లెలకును వచ్చినది. కాని బస్సు తన త్రోవను, తన వేళను తప్పదు. కాలువ చివరి రైతునకు వంతు నీరు నడిరేయి వచ్చును. ఆ వేళ తూమువద్దకు పోయి, ఎగువవాడు నీటిని మళ్లించుకొనెనో లేదో చూచి, తెల్లవారునప్పటికి ఇల్లు చేరుటకు అతనికి ఉపకరించినది సైకిలే. యూరియా బస్తా, పశువుల మేత, పాలక్యానులు, బియ్యపు మూట, జ్వరముతోనున్న బిడ్డ — ఇవి యన్నియు ఆ క్యారియరుమీదనే ప్రయాణము చేసినవి. 1954లో వియత్నాం సైన్యము డియన్‌బియన్‌ఫూ యుద్ధమునకు ఆహారమును, మందుగుండును సైకిళ్లపై నడిపించి, ఒక్కొక్కదానిపై 200 కిలోలకు పైగా మోయించెనని లోకము అబ్బురపడినది. వడ్లమూటను సైకిలు నడుమ ఇరికించి తోసికొని పోయిన ఆయకట్టు కూలీకి అది అంత వింతగా తోచకపోవచ్చును.

ఇందలి శాస్త్రమును కొంచెము చూడవలెను. ఎస్. ఎస్. విల్సన్ అను ఆక్స్‌ఫర్డు ఇంజనీరు 1973లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికయందు లెక్కవేసి చూపినదేమనగా, సైకిలు త్రొక్కు మనుష్యునికి ఒక కిలోమీటరునకు పట్టు శక్తి నడచువానికి పట్టు శక్తిలో ఇంచుమించు ఐదవవంతు మాత్రమే. గుఱ్ఱముగాని, పక్షిగాని, మోటారుగాని ఈ పొదుపులో సైకిలునకు సాటిరాలేదు. పెడలును ఒక చుట్టు త్రిప్పినచో నల్ల సైకిలు ఐదు మీటర్లకు పైగా సాగును. ఆ చుట్టునకు కావలసినది ఒక ముద్ద అన్నపు బలమే. పెట్రోలు ధర పెరిగిన వార్త చదివినపుడు ఈ లెక్క ఎల్లరకును జ్ఞప్తికి వచ్చును. ధర తగ్గగానే మరచుటయు సహజమే.

మరమ్మతు విషయము కొంత విస్తరించి చెప్పదగినది. చక్రములోని పుల్లలు తోసి బరువు మోయునవి కావు, లాగి మోయునవి. సన్నని తీగ తోపుడునకు వంగిపోవును, లాగినపుడు మాత్రము గట్టిగా నిలుచును. ఇంగ్లీషు పద్ధతిలో ముందు చక్రమునకు 32, వెనుక చక్రమునకు 40 పుల్లలుండును. వెనుక బరువెక్కువ గనుక ఎనిమిది ఎక్కువ. ఈ పుల్లలను హబ్బునకు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డముగా బిగించు ఉపాయమును జేమ్సు స్టార్లీ 1874లో కనిపెట్టెను. చక్రము వంకరపోయినపుడు పనివాడు సైకిలును తలక్రిందులు చేసి చక్రమును త్రిప్పి, రిమ్ము ప్రక్కన సుద్దముక్క పట్టుకొనును. సుద్ద అంటినచోట రిమ్ము అటు వాలినదని గుర్తు. అపుడు ఎదుటి ప్రక్క పుల్లను అర చుట్టు బిగించి, ఇటు పుల్లను కొంచెము వదలించి, మరల త్రిప్పును. దీనినే బెండు తీయుట యందురు. పుల్లను వ్రేలితో మీటి, మ్రోతనుబట్టి బిగువు చెప్పు పనివారుండెడివారు. వీణ శ్రుతి చేయుటకును దీనికిని దూరము మిక్కిలి తక్కువ.

పంక్చరు మాట తెలియనివారు లేరు. తుమ్మముల్లు, పల్లేరుకాయ ఈ సీమ సైకిళ్లకు పుట్టు శత్రువులు. టైరు ఒక అంచును ఇనుప పట్టీలతో పైకి తీసి, ట్యూబును వెలికి లాగి, గాలి నింపి, నీళ్ల తొట్టిలో ముంచి చూతురు. బుడగలు లేచినచోట చిల్లి. ఆరబెట్టి, ఆకురాయితో గరుకుచేసి, సొల్యూషను పూసి, అది తడియారువరకు ఆగి అతుకు వేయుదురు. ఆ ఆగుటలోనే పనితనమున్నది. తొందరపడినవాని అతుకు ఊరు దాటకముందే ఊడును. అటుపిమ్మట టైరు లోపల చేయి పెట్టి చుట్టును తడిమి చూడవలెను. ముల్లు అచ్చటనే యున్నచో అంతయు వృథా. ఈ పని యంతయు యజమాని ఎదుటనే జరుగును. ఏమి చేసిరో, ఎందుకు చేసిరో అతడు చూచుచునే యుండును. రెండు మార్లు చూచినవాడు మూడవమారు తానే చేసికొనును. పరికరము మొత్తము మార్పించవలెనని చెప్పి మూతవేసి పంపు నేటి మరమ్మతు పద్ధతికిని దీనికిని గల భేదము ఇంతింతనరానిది.

గుండ్ల లెక్కయు అట్టిదే. ముందు హబ్బులో ప్రక్కకు పది, వెనుక హబ్బులో ప్రక్కకు తొమ్మిది, పెడలు ఇరుసువద్ద ప్రక్కకు పదునొకండు — విప్పిన కుర్రవాడు ఈ లెక్కను నోటికి నేర్చుకొనవలసినదే. ఒక్కటి దొర్లి దుమ్ములో పడినచో సాయంకాలము వరకు వెదకించు మేస్త్రీలుండెడివారు.

ఈ యంత్రము పుట్టుపూర్వోత్తరములు సుదీర్ఘమైనవి. నాలుగు మాటలు చాలును. 1817లో జర్మనీలో కార్ల్ డ్రైస్ పెడళ్లు లేని కొయ్యబండిని నేల తన్నుచు నడిపెను. 1885లో జాన్ కెంపు స్టార్లీ రోవరు సైకిలుతో రెండు సమాన చక్రముల, గొలుసు నడకగల రూపము స్థిరపడెను. 1888లో బెల్‌ఫాస్టు పశువైద్యుడు డన్‌లప్ తన కుమారుని మూడు చక్రముల బండి కుదుపు మాన్పుటకు గాలి టైరు చేసెను. పిమ్మట బర్మింగుహాము, నాటింగుహాము పట్టణములనుండి హెర్క్యులిసు, రాలీ, బి.ఎస్.ఏ. సైకిళ్లు ఓడలలో భారతదేశమునకు దిగినవి. బి.ఎస్.ఏ. అనగా బర్మింగుహాము చిన్న ఆయుధముల కంపెనీ. సైకిలు ముందు బిళ్లమీద మూడు తుపాకుల ముద్ర ఉండుటకు అదియే హేతువు. తుపాకులు చేసినవారి సైకిలెక్కి ఎందరో శాంతముగా బడికి పోయి వచ్చిరి. స్వాతంత్ర్యానంతరము తయారీ ఇచ్చటనే వేళ్లూనినది. మద్రాసునందు టి.ఐ. సైకిల్స్ 1949లో, సోనీపట్టునందు అట్లాసు 1951లో, లుధియానాయందు హీరో 1956లో ఏర్పడినవి. 1986నాటికి హీరో ప్రపంచమున అన్నిటికంటె ఎక్కువ సైకిళ్లు చేయు కంపెనీగా గిన్నిసు పుస్తకమున కెక్కెను.

కొనలేనివారికి సైకిలు టాక్సీ దుకాణము దిక్కు. టాక్సీ యన్నను అది గంట లెక్కన అద్దెకిచ్చు సైకిలే. మడ్‌గార్డుమీద అంకె, దుకాణపు పేరు వ్రాసియుండును. పిల్లలు అచ్చటనే నేర్చిరి. సీటు అందదు గనుక చట్రము నడిమి త్రికోణములోనుండి కుడికాలు దూర్చి, ఒడలంతయు ఒక ప్రక్కకు వంచి, అర చుట్టు అర చుట్టుగా త్రొక్కెడివారు. ఉర్దూ మాటతో దానిని కైంచీ యనిరి. కత్తెర యని యర్థము. మోకాలిపై మచ్చలేక ఈ విద్య పట్టువడినవారు అరుదు. ఊరి నడుమ గుంజలు పాతి, వారము దినములు సైకిలు దిగకుండ త్రొక్కువారి ప్రదర్శనములును ఉండెడివి. స్నానము, భోజనము, క్షౌరము అన్నియు సైకిలుమీదనే. చివరి రాత్రి పెట్రోమాక్సు దీపముల వెలుగున ఊరంతయు మేలుకొని అతని కాలు నేలనానునేమోయని చూచెడిది.

అయితే ఈ నల్ల సైకిలు కథ యంతయు తీపి కాదు. చేతి గడియారము, రేడియో, సైకిలు — ఈ మూడును ఒకకాలమున అల్లుని కట్నపు పట్టికలోనివి. సైకిలు ఈయలేదని పుట్టింటికి పంపబడిన ఆడుబిడ్డల కన్నీరు ఆ హ్యాండిలు మెరుపులో కనబడదు. మరియు ఆ ఆడుబిడ్డ తన తండ్రి అప్పుచేసి కొనిన సైకిలును త్రొక్కుటకు నోచుకొనలేదు. వెనుక క్యారియరుమీద ఒక ప్రక్కకు కూర్చుండుటయే ఆమె వంతు. అడ్డుగా నిలిచినది చట్రపు పైకడ్డీ కాదు, ఊరి కన్ను. 1991లో తమిళనాట పుదుక్కోట జిల్లాలో కలెక్టరు షీలారాణి చుంకత్ హయాములో సాక్షరతా ఉద్యమము స్త్రీలకు అక్షరములతోపాటు సైకిలు త్రొక్కుటయు నేర్పినపుడు ఈ సంగతి తేటపడినది. వేలకొలది స్త్రీలు నేర్చిరి. ఆడువారి సైకిళ్లు చాలక మగవారి సైకిళ్లే తీసికొనిరి. అంతేకాదు, ఆ పైకడ్డీమీద బిడ్డను కూర్చుండబెట్టుకొనవచ్చునని కొందరు వానినే మెచ్చిరి. అక్షరమును, సైకిలును ఒకే పాఠముగా నేర్పిన ఆ యుద్యమము గ్రంథాలయముల వారు ప్రత్యేకముగా చదువదగినది. బీహారు ప్రభుత్వము 2006నుండి ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్లిచ్చుటకు పూనుకొన్నదియు ఈ త్రోవలోనిదే.

తెలుగునాట సైకిలు పేరెత్తగనే పుచ్చలపల్లి సుందరయ్యగారి పేరు వచ్చును. 1952లో రాజ్యసభ సభ్యులైన ఆయన ఢిల్లీలో పార్లమెంటుకు సైకిలుమీదనే పోయెడివారు. హైదరాబాదున శాసనసభకును అట్లే. అది ప్రదర్శన కాదు, ఆయన నిత్యజీవితపు తీరు. ఆయన గొప్ప చదువరియని గ్రంథాలయ సభయందు చెప్పుట సముచితము. హైదరాబాదు బాగులింగంపల్లిలో ఆయన పేర నెలకొన్న విజ్ఞానకేంద్రపు గ్రంథాలయము పాత తెలుగు పుస్తకములకు పెన్నిధి.

లూనా 1972లో, టి.వి.ఎస్. 50 మోపెడు 1980లో వచ్చినవి. 1985నుండి హీరోహోండా మోటారు సైకిలు పల్లెలకు ప్రాకెను. కాలువ గట్టుమీద గంట మ్రోత తగ్గి యంత్రపు మ్రోత హెచ్చినది. మోటారు బండిని తప్పుపట్టుట న్యాయము కాదు. నడిరేయి ఆసుపత్రికి పోవలసినవానికి అది ప్రాణదాత. కాని ఒక సంగతి యున్నది. సైకిలు కొన్నవాని ఖర్చు కొన్ననాటితో చాలవరకు తీరును. మోటారు బండి కొన్నవాని ఖర్చు ఆనాడే ఆరంభమగును. 2020లో ఈ భేదము కఠినముగా తెలిసివచ్చెను. కోవిడు నిర్బంధమున బస్సులు, రైళ్లు నిలిచిపోగా వలస కూలీలు వందల కిలోమీటర్లు కాలినడకను, కొందరు చేతిలోని కడపటి సొమ్ముతో పాత సైకిళ్లు కొని వానిపైనను తమ ఊళ్లకు సాగిరి. హైదరాబాదునుండి ఉత్తరాదికి పోవు 44వ జాతీయ రహదారి కామారెడ్డి మీదుగానే పోవును. ఆ వేసవిలో ఆ బాటన సాగిన బారులను ఈ జిల్లావారు కన్నులార చూచిరి. విట్టోరియో డిసికా 1948లో తీసిన ‘సైకిలు దొంగలు’ అను ఇటలీ చిత్రములో సైకిలున్నచోనే పని, లేనిచో పస్తు. ఆ చిత్రము 1952 అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున ఈ దేశమున చూపబడి ఎందరినో కదలించెను. డెబ్బది యేండ్ల పిమ్మటను దాని కథ పాతబడలేదు. విధి వైపరీత్యమేమనగా, ఆ 2020 జూను 3ననే, ఐక్యరాజ్యసమితి ప్రకటించిన ప్రపంచ సైకిలు దినమునాడే, అట్లాసు కంపెనీ సాహిబాబాదు కర్మాగారము పని నిలిపివేసెను.

నేడు పట్టణములలో పాత ఇంగ్లీషు సైకిళ్లను సేకరించువారున్నారు. అసలు బిళ్ల, అసలు దీపము, అసలు సీటు దొరికినదాక వారికి నిద్రపట్టదు. వారి శ్రమ వలన అపురూపములైన భాగములు తుక్కు కాటాకు పోకుండ నిలిచినవి, అంతవరకు మెచ్చుకొనవలసినదే. అయితే అద్దపు గదిలోని రాలీకంటె, హ్యాండిలుకు పాలక్యాను తగిలించుకొని ప్రతి వేకువను బయలుదేరు అతుకుల హెర్క్యులిసే పాత సైకిలు యోగ్యతకు మేలైన సాక్ష్యము. అది వానలో తడియును, దాని కడ్డీ బ్రేకు తడి రిమ్ముపై సరిగా పట్టదు, దాని బరువు ఇరువది కిలోలు. ఐనను యజమాని దానిని మార్చడు. దాని ప్రతి చప్పుడునకు అర్థము అతనికి తెలియును.

భయపడవలసినది సైకిలును గూర్చి కాదు, మరమ్మతు చేయువానిని గూర్చి. టైర్లు, ట్యూబులు, పుల్లలు, గుండ్లు నేటికిని తయారగుచున్నవి. చెట్టుక్రింద తొట్టి, పంపు పెట్టుకొని కూర్చుండు ముసలి మేస్త్రీ ప్రక్కన నేర్చుకొను కుర్రవాడు మాత్రము కనబడుట లేదు. రోజంతయు కూర్చున్నను రాబడి చాలనపుడు కుర్రవాడు రాకుండుటలో తప్పేమున్నది? అతనితో పోవునది ఒక బ్రతుకుతెరువు మాత్రమే కాదు, చేతివిద్య. బెండు తీయుటలో చేతికి తెలియు బిగువు ఏ పుస్తకమునను పూర్తిగా దొరకదు. కొంతయైనను వ్రాసి ఉంచుకొనవచ్చును.

ఈ పని గ్రంథాలయమునకు మించినది కాదు. వాకిట ఒక గాలి పంపు, ఒక నీళ్ల తొట్టి, టైరు పట్టీలు, పుల్లలు బిగించు తాళము, అతుకుల పెట్టె ఉంచుటకు పెద్ద ధనము అక్కరలేదు. ఆదివారము ఒక పూట ఊరి పాత మేస్త్రీని గౌరవముగా పిలిపించి, బాలురకును బాలికలకును చూపింపవచ్చును; వచ్చిన పూటకు కూలి ఈయక తప్పదు, ఉచిత సేవ యని అతని కడుపు కొట్టరాదు. అక్షరము చక్కగా వ్రాయు విద్యార్థి ఒకడు ప్రక్కన కూర్చుండి, మేస్త్రీ పలికిన పేర్లను పలికినట్లే, బొమ్మలతో ఒక నోటుపుస్తకమున ఎక్కింపవలెను. అది బీరువాలో సంఖ్య పొంది కూర్చుండవలెను. పెడలు క్రాంకును ఇరుసునకు బిగించు కాటరు పిన్ను బొమ్మ ప్రక్కన, దాని నట్టును పూర్తిగా తీయక కొంత వదలించి, క్రాంకు క్రింద ఇనుపదిమ్మె ఆనించి, మర దెబ్బతినకుండ ఒక్క దెబ్బతో పిన్నును వెలికి తీయు విధమును కూడ వ్రాయవలెను.